పూలకొమ్మ సందులో లాట్ నంబరు

"పూల ఫోటోలు తీసుకొనిరా. అంతే," అన్నాడు చీఫ్ ఆనందబాబు.

"తుపాకీ?" అన్నాడు ఏజెంట్ హెన్రీ.

"కెమెరా చాలు. నొక్కగానే బొమ్మ శాటిలైట్ మీదుగా నెల్లూరుకొస్తుంది."

బ్రీఫింగ్ అయిదు నిమిషాలు. ఒక విదేశీ ముఠా రొయ్యపిల్లల్లో రోగం కలిపింది. ఒకే ఒక్క లాటులో. శనివారం ఉదయం ఏడింటికి అది తోటపల్లి గూడూరు రొయ్యల గుంటలకు చేరుతుంది. నీళ్లలో పడిందంటే కోస్తాలో రొయ్య మిగలదు. లాట్ నంబరున్న కాగితం ఆ పొద్దే చైనాలో ఒక తోటలో చేతులు మారుతుంది.

"రైతులకు చెప్పబాక. పొక్కితే లాటు మార్చేస్తారు."

హెన్రీ వాళ్లన్న టైటస్‌కు అక్కడ మూడు గుంటలున్నాయి. ఆ మాట ఇద్దరూ ఎత్తలేదు.

శనివారం. తోటంతా ప్లమ్ పూత. చెరువు మధ్యన పాతకాలపు చెక్క మంటపం, మూలలు పైకి తిరిగిన పెంకుల కప్పు. హెన్రీ టూరిస్టు వేషం. పక్కన భార్య వేషంలో సుప్రియ, ఎర్ర పట్టు గౌను, చేతిలో గొడుగు. మన కావలి ఊరి పిల్ల. మన ఏజెంటే.

మంటపంలో ముఠావాడు కాగితం బయటికి తీసేసరికి తొమ్మిదీ నలభై. మన ఊళ్లో ఏడూ పది. పూలకొమ్మ సందులోంచి హెన్రీ జూమ్ చేసినాడు. క్లిక్. లాట్ 47.

గొడుగు మొన పక్కటెముకకు ఆనింది.

"కదలబాక. కొనలో విషముండాది," అంది సుప్రియ.

"ఎన్నాళ్లనించి?"

"రెండేళ్లు. పది నిమిషాలు లేటయినావు హెన్రీ. రొయ్యపిల్లలు ఏడింటికే నీళ్లలో పడుంటాయి. మావాళ్ల కారు వచ్చేదాకా పూల ఫోటోలు తీసుకో."

హెన్రీ కెమెరా ఎత్తాడు. పూలు తీశాడు. ఇంకేం చేయగలడు? చెరువు నీళ్లలో మంటపం నీడ, ఎర్ర గౌను నీడ, గొడుగు నీడ. అదీ తీశాడు. ఇరవై నిమిషాలు.

పూలచాటునుంచి నలుగురు పోలీసులు వచ్చి గొడుగు లాక్కున్నారు.

హెన్రీ ఫోను మోగింది. చీఫ్ గొంతు. "నీళ్ల నీడలో నీ పక్కకు గురిపెట్టిన గొడుగు కనబడింది. అక్కడి పోలీసులకు ఫోన్ చేసినా."

"గుంటలు?"

"లాట్ మీ అన్న కాడికే పోయింది. మొదటి సంచి మూతి విప్పబోతుంటే మనోళ్లు చెయ్యి పట్టుకున్నారు."

అప్పుడు గుర్తొచ్చింది హెన్రీకి. గుంట కాడ పుట్టి పెరిగి మరిచిపోయాడు. రొయ్యపిల్లలు రాగానే ఎవరూ నీళ్లలోకి వదలరు. సంచుల్ని అట్లాగే నీళ్లమీద అరగంట తేలేస్తారు, లోపలి నీళ్లు గుంట నీళ్ల వేడికి వచ్చేదాకా. ముఠా లెక్కలో ఆ అరగంట లేదు.

మధ్యాహ్నం టైటస్ ఫోన్ చేశాడు.

"ఎవురో ఆఫీసర్లంట, పిల్లల్ని సంచులతోసహా ఎత్తుకపోయినారు. ఎందుకని అడిగితే చెప్పరు. నువ్వేడుండావురా?"

"తోటలో, అన్నా. పూల ఫోటోలు తీస్తుండా."

"తీయి నాయనా, తీయి. ఇంట్లో ఒకడన్నా సుఖంగా ఉండాల గదా."