ఎవరి జవాబు వాళ్ళే

ఆ బడిలో పరీక్షలకి కాపలా ఉండదు. ప్రశ్నపత్రాలు పంచేసి మాస్టారు బయటికి వెళ్ళిపోతాడు, తలుపు దగ్గరగా వేసి మరీ. లోపల గదినిండా మగపిల్లలు తలెత్తకుండా రాసుకుంటారు. ఎవడైనా పక్కవాడి కాగితంలోకి తొంగిచూస్తే, గంట కొట్టాక వాడే లేచి నిలబడి ఒప్పుకోవాలి. ఒప్పుకుంటారు కూడా. వినేవాళ్ళకి కట్టుకథలా ఉంటుంది గానీ, ఫాదర్లు నడిపే ఆ హైస్కూల్లో తరాలుగా జరుగుతున్నది ఇదే. మార్కులు తగ్గితే మళ్ళీ చదివిస్తారు. అబద్ధమాడితే మాత్రం ఆ సాయంత్రానికే పెట్టె సర్దుకోవాలి.

కొత్తగా వచ్చిన లెక్కల మాస్టారికి ఈ పద్ధతి తెగ నచ్చింది. అతను ముక్కుసూటి మనిషి. రెండురెళ్ళు నాలుగే గానీ మొహమాటానికి మూడున్నర అనే రకం కాదు. ఇంకా పెళ్ళి కాలేదు కాబట్టి బడి ఆవరణలోనే, చదువుల హాలుకి ఎదురుగా ఒక గది ఇచ్చారు. వస్తూ వస్తూ తమ్ముణ్ణి కూడా వెంటబెట్టుకొచ్చి పదో తరగతిలో చేర్పించాడు.

తమ్ముణ్ణి ఇంటా బయటా తూనీగ అంటారు. వాడు ఒక్కచోట కుదురుగా కూర్చున్న పాపాన పోలేదు. కూర్చోమంటే లేస్తాడు, లేవమంటే పడుకుంటాడు. లెక్కల మాస్టారికి తమ్ముడై పుట్టి కూడా లెక్కలంటే ఆమడ దూరం పరిగెడతాడు. కిందటేడు వేరే బళ్ళో కాపీ కొట్టి దొరికిపోతే వాణ్ణి పంపించేశారు. బస్సెక్కేముందు అమ్మ వాడి చెయ్యి తీసుకుని పెద్దవాడి చేతిలో పెట్టింది.

"నా వల్ల కావట్లేదురా. ఇక వీడి మంచీచెడ్డా నీదే. మనిషిని చేసి పంపు," అంది.

ఇక్కణ్ణుంచి కూడా పంపించేస్తే వాణ్ణి చేర్చుకునే బడి మరొకటి దొరకదు. ఆ సంగతి అన్నదమ్ములిద్దరికీ తెలుసు. అన్నయ్య ఆ బెంగతోనే నిద్రపోయేవాడు. తమ్ముడు హాయిగా నిద్రపోయేవాడు.

పదో తరగతిని అంతకుముందు ఒక ముసలి ఫాదర్ చూసుకునేవాడు. ఆయన జబ్బుపడి, పక్క మేడమీద రోగుల గదిలో మంచం పట్టాడు. అలా ఆ తరగతి మాస్టారి చేతికొచ్చింది. సాయంకాలం చదువు కూడా అతని బాధ్యతే. చదువుల హాలు పాతది. ఎత్తైన కప్పు, సుద్దపొడి వాసన, తడిసిన బూట్ల వాసన. ఒక్కో బెంచీకి ఇద్దరు. లేచి నిలబడగానే సీటు చెక్క 'టప్'మని వెనక్కి మడుచుకుంటుంది. మళ్ళీ ఎవరైనా కూర్చుంటే తప్ప కిందికి దిగదు.

అక్కడ హాజరు పుస్తకం చూసి పిలవరు. పిల్లవాడి మొహం చూసి పేరు చెప్పాలి. పుస్తకంలో తల దూర్చి పిలిస్తే ఎవరున్నారో పుస్తకానికే తెలుస్తుందని ఫాదర్ల వాదన. మాస్టారు కష్టపడి పేర్లన్నీ బట్టీపట్టాడు. మొదటి సాయంత్రం ఎక్కడా తడుముకోకుండా చివరిదాకా పిలిచి, తనని తానే మెచ్చుకుంటూ సుద్దముక్క అందుకున్నాడు.

క్లాసు లీడరు లేచాడు. "ఒకడు మిగిలాడు సార్."

"ఎవడు?"

"కిటికీ దగ్గర. తూనీగ పక్కన."

అక్కడ సీటు మడిచే ఉంది. లీడరు నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. ఆ సీటులో కూర్చునే కుర్రాడు ఈ ఏడాది మొదట్లో జ్వరమొచ్చి పోయాడు. లెక్కల్లో వాణ్ణి మించినవాడు లేడు. చెప్పిన మాట జవదాటేవాడు కాదు, అందుకే అందరూ బుద్ధిమంతుడు అని ఏడిపించేవాళ్ళు. వాడు పోయాక కూడా ముసలి ఫాదర్ రోజూ వాడి పేరు పిలిచేవాడు. వాడి బదులు క్లాసంతా కలిసి "ఉన్నాను ఫాదర్" అనేది. అలా అనమని చెప్పింది కూడా ఆ ఫాదరే.

మాస్టారికి చిర్రెత్తుకొచ్చింది. ఇంత నిజాయితీ గల బళ్ళో ఇదేం తతంగం!

"లేనివాడి బదులు హాజరు పలకడం అబద్ధం కాదా? వాడి మీద ప్రేముంటే ప్రార్థన చెయ్యండి. రేపట్నుంచి ఎవరి జవాబు వాళ్ళే చెప్పాలి. నేను ఎవర్ని పిలిస్తే వాడే పలకాలి. తెలిసిందా?"

"అయితే వాడి పేరు పిలవకండి సార్," అన్నాడు లీడరు, గొంతు బాగా తగ్గించి.

"పిలుస్తాను. జవాబు రాదని మీరంతా వినాలి. అదే నిజం."

లీడరు కూర్చున్నాడు. ఆ సాయంత్రం పిల్లలెవరూ కిటికీ వైపు చూడకపోవడం మాస్టారు గమనించాడు గానీ, పట్టించుకోలేదు.

మర్నాడు మధ్యాహ్నం నుంచే వాన పట్టుకుంది. చీకటి పడకముందే కరెంటు పోయింది. ప్రార్థన గదిలోంచి కొవ్వొత్తులు తెచ్చి బెంచీకొకటి వెలిగించారు. కరిగిన మైనం వాసన, తడి గోడల వాసన. అద్దాల మీద వాన ఆగకుండా కొడుతోంది. మాస్టారు హాజరు మొదలుపెట్టాడు. ఒక్కొక్కడే లేచి, పలికి, కూర్చుంటున్నాడు. చివరికి తూనీగ. ఆ తర్వాత మాస్టారు కిటికీ వైపు తిరిగి, మడిచి ఉన్న సీటుని చూస్తూ, పోయినవాడి పేరు స్పష్టంగా పిలిచాడు.

ఎవరూ పలకలేదు.

మాస్టారు చిన్నగా నవ్వాడు. "విన్నారా? ఇదీ అసలు..."

"ఉన్నాను సార్."

సన్నటి గొంతు. జ్వరంతో ఎండిపోయిన గొంతు... కిటికీ పక్కనుంచి.

మాస్టారి గుండె గుభేల్మంది. ముందు తట్టింది తమ్ముడే. వీడు తప్ప ఇలాంటి కోతివేషాలు ఎవడేస్తాడు? వీడే అయితే ఈ సాయంత్రమే పెట్టె సర్దాలి. అమ్మకి ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? కానీ తూనీగ మొహంలో నెత్తుటిచుక్క లేదు. రెండు చేతులతో బెంచీ అంచు పట్టుకుని, పక్కకి చూడకుండా, కదలకుండా కూర్చున్నాడు. వాడు కదలకుండా కూర్చోవడం మాస్టారు పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

"ఎవరది?" అన్నాడు మాస్టారు. "పలికినవాడు లేచి నిలబడు."

అప్పుడు చూశాడు. తూనీగ పక్కన, ఇందాక మడిచి ఉన్న సీటు... ఇప్పుడు దించి ఉంది.

టప్.

సీటు వెనక్కి మడుచుకుంది. అక్కడి కొవ్వొత్తి మంట ఒక పక్కకి వాలి, అలాగే ఉండిపోయింది. ఎవరో దాని పక్కన నిలబడి ఊపిరి పీలుస్తున్నట్టు.

ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ మాస్టారి నోరు దానంతటదే కదిలింది. "సరే... కూర్చో."

సీటు చెక్క కిర్రుమంటూ, నెమ్మదిగా కిందికి దిగింది.

ఇక అక్కడ నిలబడటం అతనివల్ల కాలేదు. ముసలి ఫాదర్ని అడగాలి, వెంటనే అడగాలి, అన్నదొక్కటే తోచింది. పిల్లల ముందు బెదిరినట్టు కనపడకూడదని గొంతు సవరించుకున్నాడు. "ఈ పూట జంటలుగా లెక్కలు చేసుకోండి. పక్కవాడికి వచ్చేదాకా ఎవరూ వదలొద్దు," అని గుమ్మం వైపు నడిచాడు.

"అన్నయ్యా..." అంది వెనకనుంచి తూనీగ గొంతు.

"ఇక్కడ సార్ అనాలి," అన్నాడు వెనక్కి తిరక్కుండానే.

ముసలి ఫాదర్ మంచం మీద మేలుకునే ఉన్నాడు. గదిలో మందుల వాసన. మాస్టారు జరిగిందంతా గడగడా చెప్పేశాడు. ఫాదర్ చేతిలో జపమాల ఆగిపోయింది.

"పిల్లలచేత ఎందుకు పలికించానో తెలుసా నాయనా? వాడు పలకకుండా ఉండాలని," అన్నాడు ఆయన. "వాడికి పెద్దల మాటంటే ప్రాణం. ఒళ్ళు జ్వరంతో కాలిపోతున్నా, హాజరుకి లేచొచ్చి నిలబడ్డాడు. పోయాక కూడా పిలిస్తే వస్తాడని నాకు తెలుస్తూనే ఉంది. పిలవకుండా ఉండలేకపోయాను, వాడంటే నాకంత ఇష్టం. అందుకని వాడికంటే ముందు మిగతావాళ్ళు పలికితే... వాడు పడుకునేవాడు."

"ఇప్పుడేం చెయ్యాలి ఫాదర్?"

"ఏమీ చెయ్యకు. వాడికి ఇంకే పనీ చెప్పకు. నువ్వు చెప్పావంటే చేసి తీరతాడు. తరాలుగా ఈ బళ్ళో పోయిన పిల్లలు వాడొక్కడే కాదు." ఆయన కళ్ళు చిట్లించి చూశాడు. "ఏమైనా చెప్పి వచ్చావా?"

పక్కవాడికి వచ్చేదాకా వదలొద్దు... తూనీగకి లెక్కలు రావు. మాస్టారి పై ప్రాణాలు పైనే పోయాయి. మెట్లు ఎలా దిగాడో అతనికే తెలీదు.

భోజనాల గంట అప్పటికే మోగినట్టుంది. చదువుల హాలు ఖాళీ. ఒక్క కొవ్వొత్తి వెలుగుతోంది, కిటికీ దగ్గర. తూనీగ వంగి రాస్తున్నాడు. బెంచీ మీద కాగితాలు, కింద కాగితాలు, అన్నిటి నిండా లెక్కలు. ఒక్క కొట్టివేత లేదు. వాడి కుడిచేతి మణికట్టు చుట్టూ చర్మం లోపలికి నొక్కుకుపోయి ఉంది. కనపడని వేళ్ళ కింద నొక్కుకున్నట్టు.

"అన్నయ్యా," అన్నాడు వాడు ఏడుపు గొంతుతో. చెయ్యి మాత్రం ఆగలేదు. "నాకు వచ్చేసింది. ఎప్పుడో వచ్చేసింది. అయినా వదలట్లేదు."

మాస్టారు వాడి పక్కనున్న ఖాళీ వైపు తిరిగాడు.

"చాలు నాయనా. వదిలెయ్. ఇక వెళ్ళిపో."

టప్.

చల్లటిదేదో అతని భుజాన్ని రాసుకుంటూ గుమ్మం వైపు పోయింది. పోతూ పోతూ అతని చొక్కా కొసని ఒక్కసారి పట్టుకుని లాగింది. తర్వాత వాన చప్పుడొక్కటే మిగిలింది. తూనీగ కలం కింద పెట్టాడు. మాస్టారు వాణ్ణి గట్టిగా కావలించుకున్నాడు. కళ్ళనీళ్ళు ఆగలేదు. వాడి చెయ్యి పట్టుకుని, వానలో ఆవరణ దాటించి, తన గదికి తీసుకొచ్చి గడియ పెట్టాడు.

"అమ్మయ్య," అన్నాడు. "రేపే మనం ఊరెళ్ళిపోదాం. ఈ ఉద్యోగమూ వద్దు, ఏమీ వద్దు."

తూనీగ గది మధ్యలో నిలబడ్డాడు. ఒంటిమీంచి నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోలేదు.

"తుడుచుకోరా."

తుడుచుకున్నాడు.

"కూర్చో."

కూర్చున్నాడు. మోకాళ్ళ మీద చేతులు, నిటారుగా వెన్ను. మాస్టారు పాలు కాచి గ్లాసు చేతికిచ్చాడు. తాగమని చెప్పేదాకా తాగలేదు. చెప్పాక ఒక్క గుక్కలో తాగేశాడు. పాలింకా పొగలు కక్కుతూనే ఉన్నాయి.

భయపడ్డాడు, అంతే, అనుకున్నాడు మాస్టారు. పడుకోమన్నాడు. వెంటనే పడుకున్నాడు. దుప్పటి కప్పి, దీపం తగ్గించబోతూ వాడి మొహం చూశాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. రెప్ప పడలేదు. మాస్టారు చాలాసేపు చూశాడు... పడలేదు.

కళ్ళు మూసుకోమని తను చెప్పలేదు.

అప్పుడు తెలిసింది. హాల్లోంచి వెళ్ళిపోయింది ఎవరో, తన చొక్కా పట్టుకుని లాగింది ఎవరో. మంచం మీదున్నది తమ్ముడి ఒళ్ళే గానీ, తమ్ముడు కాదు. మనిషిని చేసి పంపమంది అమ్మ. ఇంత బుద్ధిమంతుణ్ణి తీసుకెళ్ళి ఆవిడ ముందు నిలబెడితే, ఎంత సంతోషిస్తుందో!

ఏ పనీ చెప్పవద్దన్నాడు ఫాదర్. కానీ తమ్ముడు బయట వానలో ఉన్నాడు. చీకటంటే వాడికి చిన్నప్పట్నుంచీ భయం.

"నా తమ్ముణ్ణి తీసుకురా," అన్నాడు మాస్టారు.

మంచం మీది కుర్రాడు చప్పున లేచాడు. గడియ తీసి, చెప్పుల్లేకుండానే వానలోకి వెళ్ళిపోయాడు. మాస్టారు తలుపు వేసి, మళ్ళీ గడియ పెట్టి, దానికే చెవి ఆనించి నిలబడ్డాడు. వాన... వాన... ఆవరణ అవతల, ఖాళీ హాల్లో ఒక సీటు టప్మంది. దాని వెనకే ఇంకోటి. ఆ తర్వాత ఇంకోటి...

తడి నేల మీద అడుగుల చప్పుడు దగ్గరకొచ్చింది. ఒకరివి కావు. ఇద్దరివి కూడా కావు.

గుమ్మం ముందు అన్నీ ఒక్కసారే ఆగాయి.

"లోపలికి రావచ్చా సార్?" అన్నాయి గొంతులన్నీ కలిసి, ఎంతో మర్యాదగా. మాస్టారి చెయ్యి గడియ మీదికి పోయింది. ఇందులో తమ్ముడి గొంతుంటే చాలు. ఒక్కటుంటే చాలు. ఊపిరి బిగబట్టి వెతుక్కుంటున్నాడు.

ఉంది. అన్నిటికంటే వెనక, చలికి వణుకుతూ...

"అన్నయ్యా, తియ్యకు."

అప్పటికే గడియ పక్కకి జరిగిపోయింది.