దెయ్యం చేపది ఏ ఊరు?

మీటర్ మూడోసారి కూడా అదే మాట చూపించింది: “స్థానికం”. డాక్టర్ వామనమూర్తి నొసలు చిట్లించి బల్ల మీది దెయ్యం చేపను మళ్ళీ చూశాడు. ఒళ్ళంతా గరుకు పెంకు, వలల్ని కోసేసే ముళ్ళు. ఎక్కడో అమెజాన్ నదిది. అక్వేరియంల నుంచి బయటపడి కొల్లేరంతా నిండింది.

మీటర్ సంగతి చెబుతాను, కష్టమేం కాదు. చేప తలలో చిన్న రాయి ఉంటుంది. ఏ నీళ్ళలో పెరిగితే ఆ నీటి ఖనిజాలు పొరలు పొరలుగా అందులో చేరతాయి. మన ఎముకల్లోనూ చేరతాయి. కోయకుండానే వాటిని చదువుతుందీ మీటర్. ఇంకేం, సరస్సు కమిటీ రూల్ రాసేసింది. మీటర్ “స్థానికం” అంటేనే కొల్లేట్లో ఉండాలి, అలా అనకపోతే చేపలైనా మనుషులైనా ఖాళీ చెయ్యాలి. దెయ్యం చేప పీడ విరగడవుతుందని డాక్టర్ గారి ఆశ. అది తరాలుగా ఇక్కడే పుడుతోందన్న సంగతి ఆ మహానుభావుడికి తట్టలేదు.

తర్వాత పెదగరువులంక నాంచారమ్మ చెయ్యి చాపింది. అరవై ఏళ్ళుగా ఇక్కడే బతికిన మనిషి, వలే ఆధారం. మీటర్ “బయటివారు” అంది.

“ఏ నీళ్ళు తాగుతారమ్మా?” అన్నాడు డాక్టర్.

“టిన్ను నీళ్ళు. ఇరవై ఏళ్ళయింది. పట్నాల మురుగంతా తెచ్చి ఇందులో కలిపారుగా, ఇదెవడు తాగుతాడు బాబూ?”

డాక్టర్ తల దించుకున్నాడు. ఇరవై ఏళ్ళలో ఎముక దాదాపు కొత్తదైపోతుంది. ఆవిడ ఎముకల్లో కొల్లేరు మిగల్లేదు.

కమిటీ గుమస్తా కాగితం చదివాడు. “వారంలో లంక ఖాళీ చెయ్యాలి. దెయ్యం చేప జోలికెళితే కేసు. అది స్థానికం.”

పక్కనే నిలబడి చూస్తున్న నాకైతే ఒళ్ళు మండింది. నాంచారమ్మ నేరుగా వెళ్ళి పడవెక్కింది. గంటలో బుట్టెడు దెయ్యం చేపలు తెచ్చి గుమస్తా ముందు కుమ్మరించింది.

“కేసు రాయి” అంది.

“ఎందుకమ్మా గొడవ?” అన్నాడు డాక్టర్.

“మీరుండండి బాబూ. రాయనీండి. పేరు, మొగుడి పేరు, ఊరు. ఒక్కటీ వదలొద్దు.”

గుమస్తా కోపంగా రాశాడు. కేసంటే నివాసం రాయకుండా కుదరదు కదా. “పెదగరువులంక, కొల్లేరు” అని రాసి సీలు గుద్దాడు. గుద్దాక గానీ ఏం చేశాడో అర్థం కాలేదు వాడికి.

నాంచారమ్మ నకలు మడిచి రొంటిన దోపుకుంది. “నాది ఈ ఊరేనని మీ కమిటీయే రాసిచ్చింది. ఇంక నన్నెవడు కదుపుతాడో చూస్తా.”

మర్నాడు పొద్దున్నే లంకలో ఉన్నవాళ్ళంతా తలో దెయ్యం చేప పట్టుకుని కేసుల కోసం వరసలో నిలబడ్డారు. మధ్యాహ్నానికి కేసు ఫారాలు అయిపోయాయి. వరస మాత్రం కదల్లేదు. డాక్టర్ గారే పట్నం వెళ్ళి ఇంకో కట్ట తెచ్చాడు.