పరిశోధకుడు తినని పులిహోర

సూట్‌కేస్ మూత పడటం లేదు. నమ్రత దాని మీద ఎక్కి కూర్చుంది. అయినా పడలేదు.

"అడుగున ఏం పెట్టావు పిన్నీ?"

"కందిపొడి, ఇంత ఆవకాయ."

"కమ్మింగ్‌లో వీధికో ఇండియన్ స్టోర్ ఉంది!"

"ఉండనీవే. అందులో నా చెయ్యి ఉండదుగా," అంది లక్ష్మీకాంతం.

సాయంత్రం ఫ్లైట్. నమ్రత అట్లాంటా దగ్గర కమ్మింగ్‌లో ఇల్లు తీసుకుని, అక్కడి యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరబోతోంది. పీహెచ్‌డీ చేసినన్నాళ్లూ ప్లెయిన్స్‌బరోలో ఈ పిన్ని దగ్గరే ఉంది. కోరుకున్న ఉద్యోగమే వచ్చింది. కానీ ఒక మనిషి ఒక్క మాటైనా చెప్పకుండా తనను వెళ్లనిస్తాడా అన్నది పొద్దుటి నుంచీ ఆమెను వదలడం లేదు.

ఆ మనిషి కౌశిక్.

కిందటేడు అపార్ట్‌మెంట్ల క్లబ్‌హౌస్‌లో నమ్రత నడిపే ఆదివారం తెలుగు బడికి వచ్చి, చివరి వరుసలో రికార్డర్ పెట్టుకుని కూర్చున్నాడు. క్లాసు అయ్యాక తిన్నగా ఆమె దగ్గరికొచ్చాడు.

"మీరు ప్రశ్న అడిగి ఆగరండీ. పిల్లలు నోరు తెరిచేలోగా జవాబు మీరే చెప్పేస్తారు."

"మీరెవరండీ, ఇన్‌స్పెక్టరా?"

"కాదు. ఇంజినీరింగ్ చదివి, సాఫ్ట్‌వేర్ చేసి, విసుగొచ్చి ఎడ్యుకేషన్‌లో పీహెచ్‌డీకి వచ్చాను. టీచర్ ప్రశ్నకీ, పిల్లల జవాబుకీ మధ్య సైలెన్స్ ఉంటుంది చూడండి, అదే నా రీసెర్చ్."

"అంటే ఎవరూ ఏమీ మాట్లాడని దాని మీద పీహెచ్‌డీ! నాదీ ఎడ్యుకేషనే. ఎం.ఏ. తెలుగు, బీఎడ్ చేసి ఇటొచ్చాను. ఇక్కడ పుట్టిన పిల్లలు అమ్మమ్మలతో ఏ భాషలో పోట్లాడతారన్నది నా టాపిక్. మన పోట్లాట కూడా రాసుకోమంటారా?"

అతను నవ్వాడు. ఆ నవ్వు బాగుంది. చిక్కంతా అక్కడే మొదలైంది.

ఏడాదంతా వచ్చాడు. ఆమె బోర్డు వైపు తిరిగితే ఆమెను చూసేవాడు, ఇటు తిరిగితే రికార్డర్‌ని చూసేవాడు. కానీ పులిహోర పెడితే "వద్దండీ" అన్నాడు. జోరువానలో లిఫ్ట్ ఇస్తానంటే తడుస్తూ బస్‌స్టాప్‌కి నడిచాడు. భోజనానికి పిలిస్తే రానేలేదు.

"పొగరు పిన్నీ!"

"పొగరున్నవాడు వానలో తడవడే," అంది పిన్ని.

ఇప్పుడు, సూట్‌కేస్‌తో కుస్తీ పడుతుండగా, బెల్ మోగింది. బయట వాన. తలుపు తీస్తే, నిలువునా తడిసిన కౌశిక్.

"నమ్రత గారూ, నా స్టడీలోంచి మీ క్లాసు తీసేశాను."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. "ఇది చెప్పడానికా వచ్చింది? అంత ఘోరంగా ఉందా నా పాఠం?"

"అయ్యో, కాదు! మీదే బెస్ట్ డేటా. తీసేసరికి రెండు చాప్టర్లు పోయాయి. గ్రాడ్యుయేషన్ లేట్ అవుతుందని మా గైడ్ చీవాట్లు కూడా పెట్టారు."

"మరెందుకు తీశారు?"

"స్టడీలో ఉన్నవాళ్లతో రీసెర్చర్‌కి పర్సనల్‌గా ఏమీ ఉండకూడదు. ఎథిక్స్ రూల్. గిఫ్ట్‌లు కూడదు, లిఫ్ట్‌లు కూడదు..."

"పులిహోర కూడానా?"

"వేరే టీచర్ పెట్టి ఉంటే తినేవాణ్ణేమో. మీరు పెడితే అది నాకు ఉట్టి పులిహోరలా అనిపించలేదండీ." తల దించుకున్నాడు. "గైడ్‌కి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆ క్లాసులో నేను సైలెన్స్ వినడం లేదు, ఆవిణ్ణే వింటున్నాను అని."

అతనికివ్వడానికి తెచ్చిన టవల్‌ని లక్ష్మీకాంతం తన నోటికే అడ్డం పెట్టుకుంది.

నమ్రత ఒక్క అడుగు ముందుకేసింది. పాఠం చెప్పే గొంతుతోనే అడిగింది.

"కౌశిక్ గారూ, నన్ను పెళ్లి చేసుకుంటారా?"

అతను నోరు తెరిచాడు. మాట రాలేదు. వాన చప్పుడొక్కటే వినిపిస్తోంది.

"చేసుకోక ఏం చేస్తాడే..." అనబోయింది పిన్ని. నమ్రత చెయ్యెత్తి ఆపింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ప్రశ్న అడిగి జవాబు తను చెప్పకుండా నిలబడింది. అలా నిలబడటం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. అయినా చూపు తిప్పుకోలేదు.

"చేసుకుంటాను," అన్నాడు చివరికి. "కానీ అడగాలని వచ్చింది నేనండీ!"

"మీరు అడిగేదాకా ఫ్లైట్ ఆగదు."

"ముందు తల తుడుచుకో బాబూ," అంది లక్ష్మీకాంతం టవల్ అందిస్తూ. "మీ అమ్మగారి నంబరివ్వు. గుంటూరులో మా అక్కతో నేను మాట్లాడతాను. ఈ సంబంధం కాదనడానికి దానికి నేను సందు ఇవ్వను."

ఆ సాయంత్రం ఎయిర్‌పోర్టుకి పిన్ని కారు కౌశిక్ నడిపాడు. పిన్ని వెనక సీట్లో కూర్చుని, వానను చూస్తున్నట్టు కిటికీ వైపు తిరిగింది.

మరుసటి వేసవిలో పెళ్లి కమ్మింగ్‌లోనే జరిగింది. అక్షింతలు అందరికంటే ఎక్కువ చల్లింది లక్ష్మీకాంతమే. ఆ తర్వాత ఏటా తనే వెళ్లి ఇద్దర్నీ చూసి వస్తోంది.

నమ్రత ప్లెయిన్స్‌బరో వదిలింది 2022 ఆగస్టు 7, ఆదివారం. అక్కడే స్థిరపడింది, తిరిగి రాలేదు. కౌశిక్ 2023 మే 20న పెళ్లికని వెళ్లాడు. అతనూ రాలేదు.