చీమలు రాని మూల

నరసరావుపేటలో మా డాక్టరుగారి ఆస్పత్రి వెనక కుందేళ్ల గది ఉండేది. ఎండాకాలం కిటికీలకు వట్టివేళ్ల తడికలు కట్టి తడిపేవాళ్లం. మిట్టమధ్యాహ్నం కూడా లోపల చీకటే. 1947లో డాక్టరుగారు ఆ కుందేళ్లకు సూదిమందుతో చక్కెర జబ్బు తెప్పించి, పొడపత్రి పసరు తాగించేవారు. వాటి మూత్రంలో చక్కెర తగ్గిందో లేదో చూసి రాయడం నా పని.

ఒకసారి పరీక్ష మందు సీసా నా చేతిలోంచి జారి పగిలింది. చెబితే తిడతారని దాచాను. చక్కెర ఉంటే చీమలు పడతాయని, మా ఊరి ముసలాళ్లు చేసినట్టే మూత్రం చుక్కలు మూలన పోసి చీమల కోసం చూశాను. మూడు రోజులూ ఒక్క చీమ రాలేదు. 'చక్కెర లేదు' అని రాసేశాను.

గది ఊడ్చే గ్రేసమ్మ పెద్దమ్మదీ అదే జబ్బు. పుండు పడి కుడికాలి బొటనవేలు అప్పటికే తీసేశారు. రోజూ వేసే ఇన్సులిన్ సూది అంటే ఏడ్చేది.

"నిజంగా పోయిందా అబ్బాయా, చక్కెర?"

"పోయింది పెద్దమ్మా."

"అయితే నాకెందుకు ఈ సూదులు? నేనూ ఆకే నములుతా."

వారం తర్వాత ఆమే అంది: "కుందేళ్లను చీమలు కుడుతుంటే పోయిన నెలే ఆ మూలంతా చీమలు చచ్చే మిలిటరీ పొడి చల్లా. ఇప్పుడు ఒక్కటైనా ఉందేమో చూడు!"

అంటే చీమలు రానిది చక్కెర లేక కాదు, ఆ పొడి వల్ల. నా నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మ అంటుంది. ఉద్యోగం పోతుందని ఆ ఒక్క మాట మాత్రం నానబెట్టాను. సూదులు మానేసిన పదో రోజున పెద్దమ్మ స్పృహ తప్పింది, మళ్లీ లేవలేదు. సిగ్గులేని ఈ చేత్తోనే ఆమె మీద మట్టి వేశాను.

మర్నాడు మధ్యాహ్నం గదిలో ఒక్కణ్నే ఉన్నాను. తడి వట్టివేళ్ల వాసన. కుందేళ్లన్నీ ఒక్కసారిగా కదలడం మానేశాయి. వెనక చీపురు చప్పుడు... సర్... సర్...

"అబ్బాయా... చీమలొచ్చినయ్యా?"

తిరిగి చూశాను. ఎవరూ లేరు. మూలన, ఆ తెల్ల పొడి మీదే, చీమలు... రెండు పాదాల ఆకారంలో. కుడి పాదానికి బొటనవేలు లేదు.

పరుగెత్తి డాక్టరుగారి కాళ్ల మీద పడి అంతా చెప్పేశాను. ఆయన తిట్టలేదు. "మొదటి రోజే చెప్పి ఉంటే బతికేది కదరా" అన్నారు. తిట్టినా బాగుండేది.

ఉద్యోగం మానేసి మా ఊరు నకరికల్లు వచ్చేశాను. ఇవాళ కాళ్లు కడుక్కుని ఇంట్లోకి నడిచాను. వెనక్కి చూస్తే నా తడి అడుగుల నిండా చీమలు.

వంగి చూశాను. కుడి అడుగుల్లో బొటనవేలు లేదు.

నా కాలికి అయిదు వేళ్లూ ఉన్నాయి... మళ్లీ మళ్లీ లెక్కపెట్టుకుంటున్నాను.