కొండయ్య గారింట్లో నాస్

"భయ్యా, నా డబ్బా ఒచ్చిందా, లేదా?"

వానకి తడిసిన చున్నీ పిండుకుంటూ ఏంజెలా కౌంటర్ దగ్గరికి వచ్చేసరికి ఎబెన్ గుండె ఒక్క గంతు వేసింది. 'భయ్యా' అన్న మాట చెవిన పడగానే అదే గుండె చతికిలబడింది.

"భిలాయిలో కూరగాయలవాడూ భయ్యానే, ఆటోవాడూ భయ్యానే. నన్ను కూడా అందులో కలిపేస్తే ఎలాగండీ?"

"మరేటనాలి, సార్ అనాలా?"

"నాకో పేరుంది."

"ముందు డబ్బా ఇవ్వు. తర్వాత పేరు పెట్టి పిలుస్తా, పక్కా!"

ఏంజెలా నెహ్రూ నగర్‌లో తమ ఇంటి ముందుగదిలోనే పెళ్ళి వీడియోలు మిక్సింగ్ చేస్తుంది. ఉన్నవి రెండు కంప్యూటర్లు, ఒక్క పాత హార్డ్ డిస్కు. దాన్ని ఇక్కడ పీకి అక్కడ తగిలించడంతోనే సగం పొద్దు పోతోంది. రెండు కంప్యూటర్లూ నెట్‌వర్క్ మీద ఉమ్మడిగా వాడుకునే స్టోరేజి పెట్టె కావాలని ఎబెన్ పనిచేసే కంప్యూటర్ షాపుకొచ్చింది. ఆ పెట్టెనే నాస్ అంటారు.

అదేమంత దొరకని సరుకు కాదు. కానీ అమ్మేస్తే ఈ పిల్ల మళ్ళీ షాపుకెందుకు వస్తుంది? అందుకని మన సేల్స్‌మన్ గారు ఒకసారి "ఒక డిస్కుదా, రెండు డిస్కులదా, బాగా ఆలోచించుకోండి" అన్నాడు. ఇంకోసారి "ఈ మోడల్ ఫ్యాను గోల ఎక్కువ, ఇంట్లో నిద్ర పట్టదు" అన్నాడు. మొన్నటికి మొన్న "రాయపూర్‌లో కొత్త మోడల్ దిగుతోంది, ఆగండి" అన్నాడు. ఇంత శ్రద్ధగా సరుకు అమ్మకుండా కూర్చున్న సేల్స్‌మన్ దుర్గ్ నుంచి రాయపూర్ దాకా గాలించినా కనబడడు!

ఇవాళ మాత్రం ఏంజెలా నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"డిస్కు టిక్ టిక్ అంటోంది, ఎబెన్. కుమ్హారి ఊరివాళ్ళ పెళ్ళి వీడియో అంతా దాన్లోనే ఉంది. టేపుల మీద వేరే పెళ్ళి ఎక్కించేశాను. అది పోతే నాకింక ఎవరూ పెళ్ళి వీడియో పని ఇవ్వరు."

పేరు పెట్టి పిలిచింది. సంతోషించే మొహమేదీ ఎబెన్‌కి? తన సరదా కోసం ఆ పిల్ల పని మీదికి తెచ్చానే అని సిగ్గుతో చచ్చిపోయాడు. లోపలికి వెళ్ళి, వెనక అలమరాలోంచి పెట్టె తీసుకొచ్చాడు.

"కొత్త మోడల్ రాయపూర్‌లో కదా దిగింది?" అంది ఏంజెలా, పెట్టె మీది దుమ్ము వేలితో గీస్తూ.

"ముందు మీ ఇంటికి పదండి," అన్నాడు ఎబెన్.

ఇంటి గుమ్మంలో ఏంజెలా తండ్రి కొండయ్య నిలబడి ఉన్నాడు. విజయనగరం నుంచి వచ్చి, స్టీల్ ప్లాంటు రైల్ మిల్లులో చేసి రిటైరైన మనిషి.

"వందనాలు అంకుల్. నాస్ తెచ్చాను."

"ఏటి తెచ్చావ్?"

"నాస్ అంకుల్. ఇంట్లో ఒక మూల పెట్టేస్తే రాత్రీ పగలూ దాని పని అదే చేసుకుపోతాది."

కొండయ్య కళ్ళు పెద్దవయ్యాయి. "సత్యానాసా! ప్రార్థన సేసి తెరిసిన స్టూడియోలో నాస్ తెచ్చి పెడతావేటి? బైట పెట్టు ముందు!"

ప్లాంటులో హిందీ తిట్లు విని విని రాటుదేలిన చెవి అది. నాస్ అంటే నాశనమే, రెండో మాట లేదు.

ఎబెన్ పెట్టె వానకి తడవకుండా చంకలోకి లాక్కున్నాడు. ముందుగదిలో డిస్కు టిక్కుమంటోంది. ఏంజెలా చూస్తే సాయం చెయ్యాల్సింది పోయి చున్నీ నోట్లో కుక్కుకుని నవ్వుతోంది.

"పేరొదిలేయండి అంకుల్! ఇది రెండు బేల పెట్టె."

"బే అంటే? మిల్లులో బే లాగా?"

"అచ్చం అలాగే, ఇది చిన్న అర. బేకో డిస్కు. రెండిట్లోనూ ఒకే సరుకు ఉంటాది. ఒకటి ఆగిపోతే రెండోది నడిపిస్తాది."

"స్టాండ్‌బై! అలగ సెప్పవేటి మరి? స్టాండ్‌బై లేకండా మేం మోటారే తిప్పనిచ్చీవోళ్ళం కాదు. రా, లోపలికి రా."

పాత డిస్కులోంచి పెళ్ళి కొంచెం కొంచెంగా కొత్త పెట్టెలోకి ఎక్కుతుంటే ముగ్గురూ ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. బయట వాన దంచేస్తోంది. చివరికి కుమ్హారి పెళ్ళికూతురు స్క్రీన్ మీద నవ్వింది. ఏంజెలా రెండు చేతుల్లో మొహం దాచుకుని, "థాంక్యూ జీసస్" అంది.

ఎబెన్ లేచాడు. "అయిపోయిందంకుల్. ఇంక నాతో పని ఉండదు."

"కూసో బాబూ. నీకు నలుగురూ తెలుసు కదా, ఓ మాట. మా ఆవిడ డైసీ పోయినకాడ్నించీ ఈ పిల్లకి నేనొక్కడినే. నాకూ వయసైపోతన్నాది. మన క్రిస్టియన్స్‌లో మంచి కుర్రోడు ఎవడైనా ఉంటే సెప్పు."

ఎబెన్ కూర్చోలేదు. ఇప్పుడు నోరు మూసుకుంటే జన్మంతా మూసుకోవాల్సిందే.

"ఒకడున్నాడంకుల్. మంచోడో కాదో మీరే చెప్పాలి. ఈ పెట్టె ఇన్నాళ్ళూ మా షాపులోనే ఉంది. అమ్మేస్తే ఏంజెలా మళ్ళీ రాదని దాచేశాను. ఇవాళ ఆ పెళ్ళి పోయుంటే తప్పంతా నాదే. నాకు ఏంజెలా అంటే ప్రాణం."

కొండయ్య నోరు తెరిచేలోపే ఏంజెలా కుర్చీ గిర్రున తిప్పింది.

"అరే! నేనేటైనా డిస్కునా, ఏ బేలో పెట్టాలో మీరిద్దరూ తేల్చుకోడానికి? నన్నడగరేటి?"

"అడుగుతున్నా," అన్నాడు ఎబెన్. "నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

"దాచినందుకు నీతో వారం మాట్లాడను."

"తర్వాత?"

"తర్వాత మన పెళ్ళి వీడియో నేనే మిక్స్ చేస్తా. నువ్వు ఏడ్చిందంతా స్లో మోషన్‌లో పెడతా."

"నేనెందుకు ఏడుస్తాను?"

"ఇప్పుడేం చేస్తున్నావ్ మరి?"

కొండయ్య భుజం మీది తువ్వాలు తీసి ఎబెన్ చేతిలో పెట్టాడు.

"తుడుసుకో బాబూ. ఆదివారం ఆరాధన అయ్యాక మీ అమ్మానాన్నల్ని ఇంటికి తీసుకొచ్చీ."