అతను అనని మాట

“అతను ఆ మాట అనలేదండీ,” అంది నాలుగో వరసలో అమ్మాయి, మైకు తన చేతికి రాకముందే.

అప్పటిదాకా హాలంతా మెత్తబడి ఉంది. సినిమా అయిపోయి దీపాలు వెలిగినా కొందరింకా ముక్కులు తుడుచుకుంటున్నారు. రమ్ల్ స్టేషన్ వెనక వీధిలోని ఆ చిన్న ఫిల్మ్ క్లబ్బులో ప్రతి గురువారం సినిమా తర్వాత చర్చ ఉంటుంది. చర్చ అంటే మామూలుగా తగువే. అలెగ్జాండ్రియా వాళ్లు టిక్కెట్టు కొనేదే అందుకు. ఆ రోజు మాత్రం లేచినవాళ్లందరూ ఒకే మాటను మెచ్చుకున్నారు.

అదొక ఇటాలియన్ సినిమా. లివియా, ఎంజో మొగుడూ పెళ్లాలు, ఇద్దరూ డైరెక్టర్లే. కొత్త కథలు రాసుకోవడానికి ఉప్పుమడుల పక్కన ఒక ఇల్లు అద్దెకు తీసుకుంటారు. ఎంజోకి పేజీలు పరిగెడుతుంటాయి. లివియాకి ఒక్క వాక్యం కదలదు. ఒకరోజు అతని కాగితాలు చదువుతుంటే, పొద్దున నడకలో తను అన్న మాటలన్నీ అందులో ఒక పాత్ర నోట కనబడతాయి. వంటింట్లో నిలబడి అడుగుతుంది. “ఈ మాటలు నీకెక్కడివి?”

అతని జవాబుకి తెర అడుగున అరబ్బీలో ఇలా పడింది. “నీవే. ఇంకెక్కణ్ణుంచి వస్తాయి నాకు?”

ఆ వాక్యం దగ్గరే హాలు కరిగిపోయింది. ఒక రిటైర్డ్ లాయరు గారైతే, అంత పెద్ద మనసున్న మగవాణ్ణి తెరమీద చూడటం ఇదే మొదటిసారి అన్నారు.

“మరేమన్నాడమ్మా?” అని అడిగింది మదామ్ కరీమా. క్లబ్బు ఆవిడదే. ఒకప్పుడు భర్త వజ్దీతో కలిసి డాక్యుమెంటరీలు తీసింది. ఆ వజ్దీ గారు వెనక హీటరు పక్కన సరిగా వినబడక చెవికి చెయ్యి ఒడ్డుకుని కూర్చున్నారు.

“‘తెలీదు, వస్తుంటాయి’ అన్నాడు. అంతే. నేను ఇటాలియన్ పాఠాలు చెప్తాను మదామ్. ఆ రెండు ముక్కలు మొదటి నెలలోనే నేర్పిస్తాం. ఈ సబ్‌టైటిల్స్ రాసినాయన మొదటి నెలలోనే మానేసినట్టున్నాడు.”

హాలు ఘొల్లుమంది. మదామ్ కరీమా తల తిప్పి ప్రొజెక్టరు గది తలుపు వైపు చూసింది. ఆ తలుపుకి ఆనుకుని నిలబడ్డ హాతెమ్‌కి చెవులు కాలిపోతున్నాయి.

పగలు ఒక షిప్పింగ్ ఆఫీసులో జెనోవా వాళ్లతో ఫోన్లో మాట్లాడే ఉద్యోగం అతనిది. సాయంత్రాలు క్లబ్బుకి సబ్‌టైటిల్స్ రాసిపెడతాడు. ఆ రెండు ముక్కలు అతనికి తెలియక కాదు.

“నేనే రాశాను,” అన్నాడు.

“తెలిసే రాశారా, తెలియకా?” అంది ఆ అమ్మాయి.

“తెలిసే. ఆవిడ మొహం చూశారు కదా. అలా అడిగి నిలబడ్డ మనిషికి ‘తెలీదు’ అని రాయడానికి నాకు చెయ్యి రాలేదు.”

“జాలి మీ ఇంట్లో చూపించుకోండి. మీరు రాసింది ఆవిడ మొహం మీద కాదు, సినిమా మీద.”

మదామ్ కరీమా మైకు తీసుకుంది. “ఇద్దరూ ముందుకి రండి. వచ్చే గురువారం ఈ సినిమా మళ్లీ వేస్తున్నాను. ఈలోగా మొదటి నుంచి చివరిదాకా ప్రతి వాక్యం సరిచూడాలి. ఒక అబద్ధం దొరికిందంటే దాని చుట్టాలు ఇంకెక్కడో ఉంటారు. నీ పేరేంటమ్మా?”

“షాహినాజ్.”

“తిట్టడానికి తీరిక దొరికింది కాబట్టి, దిద్దడానికీ దొరుకుతుంది. రేపు సాయంత్రం రా.”

ఆ వారమే చీపురు తుఫాను వచ్చింది. ఏటా ఆ రోజుల్లో వచ్చి ఊరి వీధులన్నీ ఊడ్చిపోతుంది కాబట్టి దానికి ఆ పేరు. సముద్రం గోడ దాటి రోడ్డు మీదికి దూకుతోంది. షాహినాజ్ మొదటి సాయంత్రం గొడుగు తిరగబడి, జుట్టు బుగ్గలకి అంటుకుపోయి, చేతిలో కాలేయం శాండ్‌విచ్‌ల పొట్లం మాత్రం పొడిగా పట్టుకుని వచ్చింది.

“నాకూ తెచ్చారా?” అన్నాడు హాతెమ్.

“తెలీదు. మీరు ఎన్ని తప్పులు చేశారో చూశాక చెప్తాను.”

తప్పులు పెద్దగా లేవు. ఆ సంగతి ఆమెను కాస్త ఇబ్బంది పెట్టింది. ఎంజో జోకులన్నీ అరబ్బీలో ఇంకా బాగా పేలాయి. ఉప్పుమడుల కూలీల మాటల్ని హాతెమ్ అచ్చం తమ ఊరి అన్‌ఫూషీ రేవు జాలరుల యాసలో పెట్టాడు. అది చదివి ఆమె నవ్వాపుకోలేక శాండ్‌విచ్ రెండోది అతని వైపు తోసింది.

“జీతం అనుకోండి.”

వంటింటి సీను దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ మళ్లీ కత్తులు దూశారు.

“మీరే చెప్పండి,” అన్నాడు హాతెమ్. “ఎంజో ఆ ఒక్క మాటా అని ఉంటే ఏం పోయేది?”

“సినిమా పోయేది.” ఆమె సీనుని ముందుకు నడిపింది. “చూడండి. ‘తెలీదు’ అన్నాడు. లివియా ఏం చేసింది? చేతులు తుడుచుకుంది. మేడ మీదికి వెళ్లింది. బల్లని కిటికీ దగ్గరికి లాక్కుంది. రాయడం మొదలుపెట్టింది. ఇన్నాళ్లూ కదలని మనిషి ఇప్పుడెందుకు కదిలింది? ఆ మాటలు తనవని అతనికి తెలీదు, తనకి తెలుసు. ‘నీవే’ అని ఉంటే కళ్లు తుడుచుకుని అక్కడే టీ పెట్టుకునేది. మీరు ఆవిడకి మంచి మొగుణ్ణి ఇచ్చారు. సినిమాని లాగేసుకున్నారు.”

హాతెమ్ సినిమాని వెనక్కి నడిపాడు. ఆ సీను మళ్లీ వేశాడు. ఇంకోసారి వేశాడు. నటి మెట్లెక్కుతుంటే ఆమె వీపు మాత్రమే కనబడుతుంది. ఆ వీపులో ఎంత కోపం, ఎంత ఉత్సాహం ఉన్నాయో అతనికి అప్పుడు కనబడింది. అన్నిసార్లు చూసి, ఆ వీపుని చూడనేలేదు తను.

“ఎంత బాగా తీశారు,” అన్నాడు నెమ్మదిగా.

“కదా,” అంది షాహినాజ్. ఆమె కళ్లు తెర మీద లేవు. ఆ పూటకి పని సాగలేదు.

రోజులు గడిచేకొద్దీ ‘మీరు’ ఎప్పుడు ‘నువ్వు’ అయిందో ఇద్దరూ గమనించలేదు. సినిమా గురించి ఎంత వాదించుకున్నా తనివి తీరేది కాదు. ఆ ఉప్పుమడుల మీద పడే వెలుగు గురించి ఒక సాయంత్రమంతా మాట్లాడుకున్నారు. ట్రాము దాకా ఒకే గొడుగులో నడిచేవారు. గొడుగు ఎప్పుడూ ఆమె వైపే ఒరిగి ఉండేది. హాతెమ్ ఎడమ భుజం ఆరిన రోజు లేదు.

బుధవారం ఆమె మామూలు కంటే ముందే వచ్చింది. కోటు విప్పలేదు.

“ఆ వాక్యం మార్చావా?”

“ఇప్పుడే మార్చబోతున్నా.”

“మార్చకు.”

హాతెమ్ నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి ఆగాడు.

“మా అక్క సౌసన్ పోయిన గురువారం నాతోనే సినిమాకి వచ్చింది,” అంది షాహినాజ్. “చర్చ మొదలవకముందే వెళ్లిపోయింది. ఎక్కడికనుకున్నావు? బావ దగ్గరికి. అప్పటికి నెల నుంచీ అలిగి మా ఇంట్లోనే ఉంది. రిఫాత్ బావది మిఠాయి కొట్టు. పిస్తా వేసి, నారింజ పూల నీళ్లు చల్లి చేసే బస్బూసా మా అక్క కనిపెట్టింది. దానికి ఊరంతా వరసకట్టింది. పేపరువాళ్లొచ్చి ‘ఎలా తట్టిందండీ’ అనడిగితే బావ ‘ఏమో, అలా తట్టింది’ అన్నాడు. అక్క పెట్టె సర్దుకుంది.”

“ఆహా,” అన్నాడు హాతెమ్. అతనికి అర్థమవుతోంది.

“‘నీవే, ఇంకెక్కణ్ణుంచి వస్తాయి’ అనే నీ వాక్యం చదివి అక్క కరిగిపోయింది. ఇప్పుడు సంతోషంగా ఉంది. ఇవాళ ఫోన్ చేసి, రేపు బావని కూడా తీసుకొస్తానంటోంది. ఎందుకో తెలుసా? ఆ వాక్యం చూపించడానికి.”

“అది అబద్ధమని చెప్పలేదా నువ్వు?”

“చెప్పడానికి నోరు రాలేదు. హాతెమ్, ఒక్క ఆటకి వదిలెయ్యి. ఆ తర్వాత మార్చుకో.”

అతను కుర్చీలో వెనక్కి వాలాడు. ఆమె ఏం అడిగినా కాదనలేని స్థితికి వచ్చి రెండు మూడు రోజులైంది. అది ఆమెకి చెప్పలేదు, అంతే.

“ఆ సీను గురించి నువ్వు చెప్పకముందైతే వదిలేసేవాణ్ణి. ఇప్పుడు లివియా మెట్లెక్కుతుంటే కింద నా అబద్ధం కనబడితే నేను చూడలేను. నాకు ఈ సినిమాని చూడటం నేర్పింది నువ్వే.”

“అప్పుడది సినిమా. ఇప్పుడు మా అక్క కాపురం.”

“నా మాట మీద నిలబడ్డ కాపురం ఎన్నాళ్లు నిలుస్తుంది? బావ మాట మీద నిలబడాలి గాని.”

“బోధ చాలా బాగుంది,” అంది షాహినాజ్. “మీ సినిమా మీరే చూసుకోండి.”

మళ్లీ ‘మీరు’. తలుపు వేసుకుపోయింది. గొడుగు మూలనే ఉండిపోయింది. హాతెమ్ అది పట్టుకుని వీధి చివరిదాకా పరిగెత్తాడు గాని, ట్రాము అప్పటికే కదిలింది. తిరిగొచ్చి, తడి చేతులతోనే ఆ వాక్యం మార్చాడు.

గురువారం హాలు నిండిపోయింది. పోయిన వారం ఏడ్చినవాళ్లు చుట్టాల్ని వెంటబెట్టుకొచ్చారు. షాహినాజ్ అక్కకీ బావకీ మధ్య కూర్చుంది, వెనక్కి తిరిగి చూడలేదు. రిఫాత్ భారీ మనిషి. పొద్దుటి నుంచి పాకం దగ్గర నిలబడి వచ్చినట్టున్నాడు, మొదటి సీనులోనే కునికిపాట్లు.

వంటింటి సీను వచ్చింది. సౌసన్ అటు వంగి మొగుణ్ణి మోచేత్తో పొడిచింది. “ఇదే. చదువు.”

“ఈ మాటలు నీకెక్కడివి?”

“తెలీదు. వస్తుంటాయి.”

హాల్లో ఎవరూ ముక్కు తుడుచుకోలేదు. లివియా చేతులు తుడుచుకుని మెట్లెక్కుతుంటే, ముందు వరసలో ఒక ముసలావిడ మాత్రం “వెళ్లు తల్లీ,” అంది, ఎదురుగా మనిషి ఉన్నట్టే.

దీపాలు వెలిగాయి. మొదట చెయ్యెత్తింది సౌసన్.

“నేను పోయిన వారమూ చూశాను. అప్పుడు ఆయన వేరే మాటన్నాడు. నాకు కళ్లు సరిగ్గానే కనిపిస్తాయి.”

హాతెమ్ ముందుకు వచ్చాడు. “అప్పటిది నేను కల్పించి రాసిందండీ. ఇవాళ్టిది నిజం. మీరు దాన్ని నమ్మి... మీకు క్షమాపణ చెప్పుకోవాలి.”

సౌసన్ అతన్ని కిందికీ మీదికీ చూసింది. చెల్లెలి మొహం చూసింది. ఆమెకి విషయం బోధపడింది, ఒకటి కాదు, రెండు విషయాలు.

“నేను ఇంటికి పోయింది నీ వాక్యం చూసే అనుకుంటున్నావా నాయనా?” అంది. “అప్పటికే పదిహేను రోజుల నుంచి ఏదో ఒక వంక కోసం చూస్తున్నాను. మా నాన్న ఇంట్లో మా ఇద్దరికీ ఉన్న మంచం ఒకటే, ఈ షాహినాజ్ నిద్దట్లో తంతుంది. ఆ తెరమీదాయన ‘ఇవాళ చలిగా ఉంది’ అన్నా నేను పోయేదాన్నే.”

హాలంతా నవ్వులు. షాహినాజ్ రెండు చేతుల్తో మొహం కప్పుకుంది.

అప్పుడు రిఫాత్ లేచాడు. ఆ క్లబ్బులో అడుగుపెట్టడమే అతనికి మొదటిసారి.

“ఆ ఎంజోకి పాపం నిజంగానే తెలీదు,” అన్నాడు నేల చూపులు చూస్తూ. “మొహం చూస్తే తెలుస్తోంది. నాకు తెలుసు. తెలిసీ పేపరువాళ్లకి చెప్పలేదు. పిస్తా బస్బూసా మా ఆవిడది. నారింజ పూల నీళ్లూ ఆవిడవే. రేపట్నుంచి కొట్టు బోర్డు మీద రాయిస్తాను.” కూర్చున్నాడు. మళ్లీ లేచి, “సినిమా బాగుంది. సగం నిద్రపోయాను, అయినా బాగుంది,” అన్నాడు.

చప్పట్లు ఆగాక మదామ్ కరీమా మైకు దగ్గరికి తీసుకుంది. “మేమిద్దరం కలిసి ఎన్నో సినిమాలు తీశాం. ‘ఇది ఎవరికి తట్టింది’ అని అడిగితే ఈయన కూడా తెలీదనేవారు. ఏళ్ల తరబడి నాకు కోపం. ఇవాళ ఆ లివియా బల్ల లాక్కుంటుంటే గుర్తొచ్చింది, నా మంచి సినిమాలన్నీ ఆ కోపంతో తీసినవే. ఈ డైరెక్టరెవరో గాని, చెయ్యి ముద్దుపెట్టుకోవాలి.”

“ఏమంటోంది?” అని వజ్దీ గారు పక్కవాళ్లని అడిగారు.

“మిమ్మల్నే మెచ్చుకుంటోందండీ,” అన్నారు లాయరు గారు.

బయట వాన సన్నబడింది. హాతెమ్ గొడుగు పట్టుకుని మెట్ల దగ్గర నిలబడ్డాడు. సౌసన్ దాటిపోతూ, చెల్లెలికి వినబడేట్టే అంది. “శుక్రవారం మా నాన్న ఇంట్లోనే ఉంటాడు. మధ్యాహ్నం పడుకుంటే అసర్ నమాజు పిలుపుకే లేస్తాడు. లేవకముందు ఎవరొచ్చినా కాదనే అంటాడు. చూసుకో.”

షాహినాజ్ దగ్గరికి వచ్చింది. ఇద్దరూ ఒకే గొడుగులో ట్రాము స్టాపు దాకా నడిచారు.

“నిన్న నామీద కోపంతో మార్చావా?” అంది చివరికి.

“కాదు. భయంతో. నువ్విక రావేమో అనుకుంటూ మార్చాను.”

“అయినా మార్చావు.”

“మార్చకపోతే నీ మొహం ఎలా చూడను?” అతను గొడుగు చేతులు మార్చుకున్నాడు. “శనివారం నువ్వు రాలేదు గుర్తుందా? ఆ సాయంత్రమంతా ఒక్క వాక్యం దిద్దలేదు. వాక్యాల గురించి కాదు నేను చెప్తోంది. నువ్వంటే ఇష్టం షాహినాజ్. పొద్దున లేవగానే నీతో పోట్లాడాలనిపిస్తోంది.”

ట్రాము వచ్చి ఆగింది. తలుపు తెరుచుకుంది. ఆమె ఎక్కలేదు. తలుపు మూసుకుంది.

“ట్రాము పోయింది,” అన్నాడు హాతెమ్.

“ఇంకోటి వస్తుంది,” అంది ఆమె, అతని తడిసిన భుజం మీద చెయ్యి వేస్తూ. “అదీ పోనిద్దాం.”

శుక్రవారం హాతెమ్ తల్లిని తీసుకుని, మిఠాయి పెట్టెతో షాహినాజ్ వాళ్ల మేడ మెట్లెక్కాడు. కంగారులో నమాజు పిలుపు వినబడకముందే వచ్చేశాడు. తలుపు తీసిన షాహినాజ్ నోటి మీద వేలు పెట్టుకుంది. “నాన్న ఇంకా పడుకునే ఉన్నారు. ఇప్పుడు లోపలికొస్తే అంతే సంగతులు.”

“అయితే ఇక్కడే కూర్చుంటాం,” అంది హాతెమ్ తల్లి, మెట్టు మీద రుమాలుతో దుమ్ము దులుపుతూ. “ఏమ్మా, వీడితో పోట్లాడేది నువ్వేనా? నాకు కాస్త సాయం దొరికింది.”

షాహినాజ్ కూడా ఆవిడ పక్కన మెట్టు మీదే కూర్చుంది. హాతెమ్ చిన్నప్పుడు చేసిన తప్పులన్నీ ఒక్కొక్కటే బయటికి వస్తున్నాయి. ఇద్దరాడవాళ్లూ గుసగుసగా మొదలుపెట్టినవాళ్లు, కాసేపటికి గోడలు అదిరేలా నవ్వుతున్నారు. హాతెమ్ పెట్టె ఒళ్లో పెట్టుకుని బిక్కమొహం వేశాడు.

లోపల మంచం కిర్రుమంది. చెప్పుల చప్పుడు తలుపు దాకా వచ్చింది.

“సౌసన్ అన్నీ చెప్పింది,” అంది తలుపు వెనక నుంచి బొంగురు గొంతు. “మెట్ల మీద పెళ్లిచూపులేమిటి, అందర్నీ లోపలికి తీసుకురా. టీ నేను పెడతాను.”