డి డ్రైవ్‌లో ఏడో పేరు

"మూడు వారాలు!"

ఉడుము బల్ల మీద చరిచిన చరుపుకి చీఫ్ కళ్ళజోడు ఎగిరి ఫైలు మీద పడింది.

"లిస్టు పోయి మూడు వారాలైతే నాకు ఇవాళా చెప్పేది? అందులో ఏడో పేరు ఎవరిదో తెలిసి కూడా?"

"తెలుసు కాబట్టే చెప్పలేదు," అన్నాడు చీఫ్, కళ్ళజోడు తుడుచుకుంటూ. "చెబితే ఇలాగే చరుస్తావని."

ఏడో పేరు ఆమె చెల్లెలిది. అమ్మ పోయాక ఉడుమే జడలు వేసి, ముక్కు తుడిచి, లెక్కలు నేర్పి పెంచిన చెల్లెలు. ఇప్పుడు శత్రు ముఠా సరుకు ఓడలో రేడియో ఆపరేటరుగా చేరి, వాళ్ళ గుట్టు ఇటు చేరవేస్తోంది. ఆ పేరు ముఠా చేతిలో పడితే ఓడ రేవు చేరినా, ఆమె మాత్రం చేరదు.

ఉడుము అన్నది కోడ్ నేమ్. పట్టుకుంటే వదలదని ఇరవై రెండేళ్ళ కిందట పెట్టారు. కోపం కూడా అలాగే పట్టుకుంటుందని తర్వాత తెలిసింది.

"దాన్ని వెంటనే బయటికి లాగండి."

"ఓడ నడిసముద్రంలో ఉంది. రేడియోలో చెబితే ముఠా కూడా వింటుంది. ఎల్లుండి రేవు చేరేదాకా కబురు పంపే దారి లేదు. కూర్చో. బ్రీఫింగ్."

"నిలబడే వింటాను."

చీఫ్ గోడ మీద ఫోటో వేశాడు. సన్నటి మనిషి, బూడిదరంగు సూటు, చేతులకి నల్ల గ్లౌజులు.

"టార్గెట్, గ్లౌజులు. అసలు పేరు తెలియదు. కవర్, విదేశీ వాణిజ్య కార్యాలయం అధిపతి. మన పన్నెండు మంది ఏజెంట్ల వివరాలు ఇతని కంప్యూటర్‌లో ఉన్నాయి. కాపీ ఒక్కటే. ఎవరినీ నమ్మడు కనక రెండోది లేదు. సాయంత్రం ఐదింటికి కొనేవాడికి పంపుతాడు."

"వెళ్ళి పట్టుకోండి మరి."

"విదేశీ కార్యాలయం. పిలవకుండా మనవాళ్ళు గేటు దాటడానికి వీల్లేదు."

"నేనెలా దాటతాను? ఎగిరా?"

చీఫ్ అప్పుడు నవ్వాడు. "వాళ్ళే పిలుస్తున్నారు. లిస్టు పంపడానికి కొనేవాడు ఇచ్చిన ప్రోగ్రాం కొత్త ఆపరేటింగ్ సిస్టం మీదే నడుస్తుంది. గ్లౌజులు కంప్యూటర్‌లో ఉన్నది పాతది. రెండు రోజులుగా అప్‌గ్రేడ్ చేస్తున్నారు, కావట్లేదు. పొద్దున ఒక రిపేరు షాపుకి ఫోన్ చేశారు. ఆ ఫోన్ మనం ఎత్తాం."

నీలం చొక్కా, నెరిసిన విగ్గు, లావుపాటి కళ్ళజోడు ఇచ్చారు. కళ్ళజోడు మడతలో కెమెరా. చెవికి వినికిడి యంత్రం, అందులో చీఫ్ గొంతు.

"లోపల మనకో మనిషి ఉంది," అన్నాడు చీఫ్. "అతని సెక్రటరీ. కోడ్ నేమ్ సెంటు. 'పొడుగు స్క్రూ ఉందా' అని అడుగుతుంది. 'ఉన్నది వంకర' అని నువ్వనాలి."

"ఆవిడ రెండు వైపులా పనిచేస్తుందని అంటారు."

"ఎక్కువగా మనవైపే."

ఆ 'ఎక్కువగా' అన్న మాటకి ఉడుముకి అరికాలి మంట నెత్తికెక్కింది.

ఒంటిగంటన్నరకి ఆమె గేటు దగ్గరుంది. గేటు గుమాస్తా ఆమె సంచి మొత్తం బల్ల మీద గుమ్మరించి, స్క్రూడ్రైవర్లు ఒక్కొక్కటీ రిజిస్టర్‌లో రాశాడు.

"లోపలికి వెళ్ళినవి బయటికి రావాలి. బయటికి వెళ్ళేదానికి స్లిప్పు కావాలి. అదీ ఇక్కడి పద్ధతి."

"బాగుందయ్యా నీ పద్ధతి," అని ఉడుము మూడంతస్తులు మెట్లెక్కింది. లిఫ్ట్ పెద్దవాళ్ళకేనట.

గదిలో ముందుగా ఎదురొచ్చింది వాసన. వెనకాలే మనిషి. వంకాయరంగు పట్టు గౌను, ఎత్తు మడమల చెప్పులు, పెదాల మీద నవ్వు, కళ్ళలో మాత్రం ఏమీ లేదు.

"ఏమ్మా, నా కుర్చీ ఊగుతోంది. నీ దగ్గర పొడుగు స్క్రూ ఉందా?"

"ఉన్నది వంకర."

"ఏడ్చినట్టుంది," అంది సెంటు, జుట్టు వెనక్కి తోసుకుంటూ.

లోపలి గదిలో గ్లౌజులు నిలబడి ఉన్నాడు. బల్ల మీద పిస్తోలు పేపర్‌వెయిట్‌లా పడి ఉంది. తెరమీద ఒకటే వాక్యం. 'అప్‌గ్రేడ్ పూర్తికాలేదు. పాత స్థితికి తిరిగి మారుస్తున్నాం.'

"ఐదుసార్లు!" అన్నాడు. "ఐదుసార్లు తొంభై శాతం దాకా వెళ్ళి వెనక్కొచ్చింది. నువ్వు బాగుచెయ్యి. ప్రశ్నలడగకు."

ఉడుము కుర్చీ లాక్కుని కూర్చుంది. పది నిమిషాలు వెతికింది. సి డ్రైవ్‌లో ఆపరేటింగ్ సిస్టం ఉంది. కానీ మనిషి పేరున ఉండాల్సిన ఫోల్డర్లు ఒక్కటీ లేవు. మొత్తం ప్రొఫైల్, అంటే అతని ఫైళ్ళన్నీ, తీసుకెళ్ళి డి డ్రైవ్‌లో పెట్టారు. ఆ డి డ్రైవ్ కంప్యూటర్ పెట్టె ముందువైపు అరలో, నొక్కితే చేతికొచ్చేలా ఉంది.

"యూజర్ ఫోల్డర్లు ఇక్కణ్ణుంచి ఎవరు కదిపారు?"

"నేనే. ప్రశ్నలడగకు అన్నాను."

"ఎందుకు కదిపారు?"

"రోజూ సాయంత్రం డ్రైవ్ లాగి జేబులో వేసుకుపోతాను. ఆరేళ్ళుగా. ఏ ప్రమాదమొచ్చినా ఆ ఒక్కటీ లాక్కుని బయటపడతాను. మిగతాది ఎవడు ఎత్తుకుపోతే నాకేం?"

ఉడుముకి నటించాల్సిన అవసరం కలగలేదు. పొద్దుటి నుంచి కడుపులో ఉడుకుతున్నదంతా నోట్లోకొచ్చింది.

"మీకు బుద్ధుందా సార్? కొత్త సిస్టం వచ్చి పాత మనిషి సామాను ఎక్కడుందని వెతుక్కుంటుంది. ఉండాల్సిన చోట లేదు. ఇంకో డ్రైవ్‌కి దారి చూపించారు. సగం సామాను ఇటు, సగం అటు పెట్టుకుని, ఇల్లు మారడం అవ్వట్లేదని ఏడుస్తారా? ఐదుసార్లు అదే తప్పు చేస్తారా?"

"మెల్లగా," అన్నాడు చీఫ్ చెవిలో. "చంపేస్తాడు."

"మీరు నోరు మూసుకోండి!" అంది ఉడుము.

తననే అన్నదనుకుని గ్లౌజులు నిజంగానే నోరు మూసుకున్నాడు. కంప్యూటర్ బాగుచేసేవాళ్ళ తిట్లు అన్ని దేశాల్లోనూ ఒకటే. అంతసేపూ ఉన్న అనుమానం అతని మొహంలోంచి జారిపోయింది.

"ఏం చెయ్యాలి?" అన్నాడు చివరికి.

"ప్రొఫైల్ మళ్ళీ సి డ్రైవ్‌కి రావాలి. అప్పుడే అప్‌గ్రేడ్ దిగుతుంది."

"డి లోది అలాగే ఉంటుందిగా?"

"కాపీ చేస్తే ఉంటుంది."

ఆమె ఇంకో ఖాతాతో లోపలికెళ్ళి, ఫోల్డర్ల చోటు మార్చి ఓకే నొక్కింది. తెర మీద ఒక చిన్న కిటికీ లేచింది. 'పాత చోట ఉన్న ఫైళ్ళన్నిటినీ కొత్త చోటికి తరలించమంటారా?'

ఉడుము వేలు 'వద్దు' మీదికి వెళ్తోంది. కాపీ చేద్దామనే ఆమె ఆలోచన. ఈలోగా నల్ల గ్లౌజు ఒకటి ఆమె భుజం మీదుగా వచ్చి 'అవును' నొక్కేసింది.

"పొద్దుటి నుంచి ఈ ప్రశ్నలే," అని పళ్ళు నూరాడు గ్లౌజులు. "వద్దంటే చాలు, మళ్ళీ మొదటికొస్తుంది. ఏది అడిగినా అవునను, పని కానివ్వు."

అతను చదవలేదు. ఉడుము చదివింది. వేలు వెనక్కి తీసుకుంది. గుమ్మంలో సెంటు గోళ్ళకి రంగు వేసుకుంటోంది. తెర మీది ప్రశ్న చూడగానే ఆమె చెయ్యి కూడా ఒక్క క్షణం ఆగింది.

ఫైళ్ళు తరలడానికి గంట పట్టింది. డి డ్రైవ్ నీలం గీత తరిగి తరిగి ఖాళీ అయ్యేసరికి గ్లౌజులు కిటికీ దగ్గర ఫోన్‌లో ఉన్నాడు. మూడింటికి అప్‌గ్రేడ్ మొదలైంది. అరవై. డెబ్భై. తొంభై దగ్గర ఆగింది. గ్లౌజులు ఊపిరి బిగపట్టాడు. తొంభై ఒకటి.

"దాటింది!" అన్నాడు పిల్లాడిలా.

చెవిలో చీఫ్ గొంతు సన్నబడింది. "ఉడుమూ, నువ్వు వాడి పనే చేసిపెడుతున్నావు. నాలుగు నలభై. ఏదో ఒకటి చెయ్యి."

చెయ్యడానికేముంది? పిస్తోలు అతని చేతికి జానెడు దూరంలో ఉంది. లిస్టు సి లో ఉంది, అతను ఈ గది వదలడు. ఆమె మనసులో చెల్లెలి మొహం మెదిలింది. తడిజుట్టుతో, హెడ్‌ఫోన్లు చెవులకి తగిలించుకుని, ఏమీ తెలియకుండా. ఆ కోపంలో ఉడుము చేతుల్లో కుర్చీ చెయ్యి కిర్రుమంది.

నాలుగు యాభైకి సెంటు గోళ్ళరంగు సీసా మూతపెట్టి లేచింది.

"సార్, ఈవిడ రిపేరు మనిషి కాదు. ఆ చెవిలోది వినికిడి యంత్రం కాదు. ఏజెంట్. గేటు బయట మూడు వ్యాన్లు ఉన్నాయి, చూడండి."

ఉడుముకి ఒళ్ళంతా భగ్గుమంది. "నీ సెంటు తగలెయ్య! ఎంతకి అమ్ముడుపోయావే?"

గ్లౌజులు కిటికీ తెర తొలగించి చూశాడు. వ్యాన్లు ఉన్నాయి. అంతే, ఆరేళ్ళ అలవాటు అతని చేతిని నడిపించింది. పెట్టె ముందు మీట నొక్కాడు, డి డ్రైవ్ లాగాడు, కోటు లోపలి జేబులో వేసుకున్నాడు. తర్వాతే పిస్తోలు ఎత్తాడు.

"కాల్చకండి," అంది సెంటు. "చప్పుడైతే వాళ్ళు గేటు సంగతి కూడా ఆలోచించరు, లోపలికొచ్చేస్తారు. తాళం వేద్దాం. వెనక గేట్లోంచి విమానాశ్రయం. డ్రైవ్ కొనేవాడి చేతికే ఇవ్వచ్చు."

ఇద్దరూ బయటికి నడిచారు. తలుపు మూసుకుంది. తాళం తిరిగిన చప్పుడు. ఒక క్షణం ఆగి, ఈసారి మెల్లగా, ఇంకోసారి తిరిగిన చప్పుడు.

ఉడుము మెడ తిప్పింది. రెండోసారి ఎందుకు?

లేచి తలుపు లాగింది. తెరుచుకుంది.

అప్పుడు తల్లో దీపం వెలిగింది. అతను గది వదిలేది ఒక్క భయానికే. భయమేస్తే అతను తీసేది ఒక్క డ్రైవే. ఆ డ్రైవ్‌లో ఏమీ లేదని గదిలో ఇద్దరు ఆడవాళ్ళకి తెలుసు.

"ముందే చెప్పొచ్చుగా, దొంగమొహందానా!" అంది ఖాళీ గుమ్మంతో.

వెనక తెర చిన్నగా మోగింది. అప్‌గ్రేడ్ పూర్తయింది. 'మీ ఫైళ్ళన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి' అంది కంప్యూటర్ మర్యాదగా. దానంతట అదే గ్లౌజులు ఖాతాలోకి వెళ్ళింది. కొనేవాడి ప్రోగ్రాం తనంతట తానే లేచింది. నాలుగు యాభై తొమ్మిది. 'పంపడానికి సిద్ధం. ఇరవై. పంతొమ్మిది.'

"ఆపు!" అని చెవిలో చీఫ్ అరిచాడు.

ఉడుము గోడ ప్లగ్గు పీకింది. బల్ల కింద బ్యాటరీ పెట్టె కీచుమంది, తెర ఆరలేదు. పన్నెండు. బోర్లా పడుకుని కంప్యూటర్ వెనక్కి చెయ్యి పెట్టింది. తీగలన్నీ పాముల్లా చుట్టుకున్నాయి. ఐదు. ఏది ఏదో చూడకుండా పిడికిటికి అందినవన్నీ కలిపి పట్టుకుంది. ఒకసారి పట్టుకుంటే వదలదు కదా. రెండు. గుంజింది.

తెర నల్లబడింది.

కంప్యూటర్ పెట్టెని బిడ్డలా చంకనెత్తుకుని మూడంతస్తులూ దిగింది. గేటు దగ్గర గుమాస్తా చెయ్యి అడ్డుపెట్టాడు.

"స్లిప్పు?"

వెనక గేటు దగ్గర కారు బయల్దేరిన చప్పుడు వినిపిస్తోంది. వ్యాన్ల వాళ్ళు ఇరవై అడుగుల దూరంలో, గేటు ముందు గీసిన గీత అవతల నిలబడి గుటకలు మింగుతున్నారు.

"నీ పద్ధతి తగలెయ్య! మీ సారు రెండు రోజులు దీన్ని నానా హింసా పెట్టాడు. షాపుకి తీసుకెళ్ళి బాగుచెయ్యమన్నాడు. స్లిప్పు రాయాల్సింది ఎవరు, నువ్వా, నేనా? రాయి! 'ఒక కంప్యూటరు, రిపేరుకి.' ఎన్ని స్క్రూడ్రైవర్లు తెచ్చానో లెక్కెట్టావుగా, ఇదీ రాసుకో!"

గుమాస్తా నొచ్చుకున్నాడు. కానీ రాశాడు. స్లిప్పు చింపి ఇచ్చాడు. ఆమె గీత దాటింది.

గ్లౌజులు ఆ సాయంత్రమే విమానమెక్కాడు. కొనేవాళ్ళు డ్రైవ్ తెరిచి ఏం చూశారో, ఆ తర్వాత అతన్ని ఏం చేశారో ఏ రిపోర్టులోనూ లేదు. సెంటు లిఫ్ట్‌లో రెండో అంతస్తు దగ్గర, 'పర్సు మరిచాను' అని దిగిపోయిందట.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం చీఫ్ గదిలో ఫోన్ మోగింది. రేవు నుంచి.

"అక్కా! నెల రోజులు నీళ్ళు చూసి చూసి పిచ్చెక్కింది. అక్కడేంటి విశేషాలు?"

"ఏమీ లేవు."

"గొంతేంటి అలా ఉంది? ఎవరి మీద కోపం?"

"నీ మీదే. ముందు ఆ ఓడ వదిలెయ్. ఒక మనిషి వస్తాడు, వెంట వెళ్ళు. ఎందుకని అడిగావంటే చెంప పగిలిపోద్ది."

"అబ్బా, నువ్వేం మారలేదే," అని చెల్లెలు నవ్వింది. ఉడుము ఫోన్ పెట్టేసి, కళ్ళు తుడుచుకుని, చీఫ్‌కేసి తిరిగింది. మూడు వారాల సంగతి ఇంకా తేలలేదు. చీఫ్ ముందుజాగ్రత్తగా కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

ఈలోగా బల్ల మీద రెండో ఫోన్ మోగింది. రిపేరు షాపు నంబరుకి వచ్చిన ఫోన్. గేటు గుమాస్తా.

"రెండు రోజులైంది. మా కంప్యూటరు ఎప్పుడిస్తారు? నా రిజిస్టర్‌లో ఒక వరస ఖాళీగా ఉండిపోయింది."

"బాగైపోయిందయ్యా," అంది ఉడుము. "మీ సారు సంతకం ఒక్కటే కావాలి. వెంటనే రమ్మను."